ఫెర్న్‌కి నీళ్ళు పోస్తున్నారా? కుండీ క్రింద పళ్ళెం చూడండి!

దీపం క్రింద చీకటి అంటారు. ఆ చీకటి మా ఇంటి వరండాలోనే ఉందన్న సంగతి కొన్నేళ్ళ క్రితం ఒక వర్షాకాలంలో నాకు తెలిసివచ్చింది.

ప్రభుత్వాస్పత్రిలో పాతికేళ్ళకు పైగా జ్వరాల వార్డు చూస్తున్నవాణ్ణి. "ఇంటి చుట్టుప్రక్కల నీళ్ళు నిలవ ఉండనివ్వకండి" అని రోజుకు ఎంతమందికి చెబుతానో లెక్కలేదు. ఆ ఏడాది మా క్రింది వాటాలో ఉండే తొమ్మిదేళ్ళ కుర్రవాడికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులపాటు 103, 104 డిగ్రీలు. కళ్ళ వెనక పోటు, ఒళ్ళంతా నొప్పులు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. వార్డులో చేర్చాం. అయిదో రోజు ఉదయం జ్వరం దిగిపోయింది. వాళ్ళమ్మ ఎంతో సంతోషంగా, "అన్నయ్యగారూ, ఒళ్ళు చల్లబడింది. ఇక ఇంటికి తీసుకుపోవచ్చా?" అని అడిగింది.

కుర్రవాడికేసి చూశాను. కడుపు పట్టుకుని ముడుచుకు పడుకున్నాడు. తెల్లవారుఝామున మూడుసార్లు వాంతి అయిందట. అరిచేతులు చల్లగా ఉన్నాయి. నాడి వడివడిగా, బలహీనంగా కొట్టుకుంటోంది. "ఇప్పుడేనమ్మా మనం జాగ్రత్తగా ఉండవలసింది" అని చెప్పి వెంటనే సెలైన్ పెట్టించాను. రెండు రోజులపాటు గంట గంటకూ నాడి, రక్తపోటు, మూత్రం చూసుకుంటూ గడిపాం. పిల్లవాడు గట్టెక్కాడు.

ఆ వారంలోనే హెల్త్ ఇన్‌స్పెక్టరు, ఆశా కార్యకర్త కలిసి మా వీధిలో ఇల్లిల్లూ తనిఖీకి వచ్చారు. క్రింది వాటా చూశాక మా మేడమీదికి వచ్చారు. మా వరండాలో ఒక ఫెర్న్ కుండీ ఉంది. మా అమ్మాయి పెళ్ళిరోజు కానుకగా ఇచ్చిన మొక్క. మా ఆవిడ దాన్ని ప్రాణంలా చూసుకుంటుంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, తప్పకుండా నీళ్ళు పోస్తుంది. నేల పాడవకుండా కుండీ క్రింద ఒక ప్లాస్టిక్ పళ్ళెం పెట్టింది. ఇన్‌స్పెక్టరు ఆ పళ్ళెంలోకి టార్చి వేసి, "డాక్టరు గారూ, ఒక్కసారి ఇలా రండి" అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, వేలెడు లోతు నీళ్ళలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ క్రిందికీ ఈదుతున్నాయి. దోమ లార్వాలు!

"అయ్యో, నేను నీళ్ళు మొక్కకే కదండీ పోశాను!" అంది మా ఆవిడ.

ఆ కుర్రవాణ్ణి కుట్టిన దోమ మా కుండీ క్రిందే పుట్టిందో, మరొకరి ఇంటి కూలర్లో పుట్టిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మా కుండీ కాదని చెప్పడం కూడా నా తరం కాదు. అప్పటినుంచి జ్వరంతో వచ్చిన వారిని "ఇంట్లో కుండీలున్నాయా?" అని కూడా అడుగుతున్నాను. ఈ వారం ఈ శీర్షికలో మందుల మాట కాస్త పక్కనపెట్టి, మొక్కకు నీళ్ళు పోయడం గురించి వ్రాయడానికి కారణం అదే.

ఫెర్న్ నైజం ఏమిటి?

ఫెర్న్ మనకు కొత్త మొక్క కాదు. పల్లెటూళ్ళలో పాత నూతిలోకి తొంగిచూసినవారికి అది చిన్నప్పటినుంచీ తెలుసు. రాళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చని ఈకల్లా వ్రేలాడుతూ ఉంటుంది. దానికి పువ్వు పూయదు, విత్తనం కాయదు. ఆకు అడుగున వరసగా ఉండే గోధుమరంగు చుక్కల్లోంచి పొడిలాంటి బీజాలు రాలి కొత్త మొక్కలవుతాయి. ఆ చుక్కల్ని చూసి పురుగు పట్టిందని మందు కొట్టేవారున్నారు. అది రోగం కాదు, దాని సంతానం.

ఇళ్ళలో ఎక్కువగా పెంచేది బోస్టన్ ఫెర్న్. అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతాల మొక్క ఇది. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన మొక్కలలో ఒకటి మిగతావాటికంటే ఒయ్యారంగా వంగి పెరగడం చూసి, దాన్ని వేరుచేసి పెంచారు. ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. వెడల్పాటి ఆకులతో పక్షిగూడులా ఉండే బర్డ్స్ నెస్ట్ ఫెర్న్, నల్లని సన్నని కాడలతో చిరుఆకులు వేసే మెయిడెన్ హెయిర్ ఫెర్న్ కూడా ఇప్పుడు నర్సరీల్లో దొరుకుతున్నాయి.

మళ్ళీ ఆ నూతి దగ్గరికి వద్దాం. నూతిలో ఫెర్న్ ఎక్కడ పెరుగుతుంది? నీళ్ళలో కాదు, నీళ్ళకు పైన గోడమీద. చుట్టూ ఉన్న గాలి తేమగా ఉంటుంది, రాళ్ళ సందున ఉన్న పిడికెడు మట్టి చెమ్మగా ఉంటుంది, ఎక్కువైన నీరు క్రిందికి జారిపోతుంది. వేళ్ళు ఎన్నడూ నీళ్ళలో నానవు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఫెర్న్ పెంపకంలో సగం తెలిసినట్టే.

ఒక డాక్టరు చూసిన వింత

గాలిలో తేమ వేరు, వేళ్ళ దగ్గర నిలిచే నీరు వేరు అన్న సంగతి లోకానికి బాగా తెలియజెప్పినవాడు ఒక డాక్టరే. ఆయన పేరు నథానియల్ వార్డ్. లండన్‌లో వైద్యం చేసేవాడు. ఫెర్న్‌లంటే ఎంతో ఇష్టం. కాని ఆ నగరపు బొగ్గుపొగకు పెట్టిన మొక్కలన్నీ చచ్చిపోయేవి. 1829లో ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూటిని గాజుసీసాలో తడిమట్టిలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతి ఎలా ఉన్నా, ఆ మట్టిలోంచి ఒక చిన్న ఫెర్న్ మొలిచింది. పగటిపూట మట్టిలోని చెమ్మ ఆవిరై గాజుకు పట్టి, చల్లబడ్డాక తిరిగి మట్టిలోకే దిగేది. ఎవరూ చుక్క నీరు పోయకుండానే ఆ మొక్క ఏళ్ళ తరబడి బ్రతికింది. దాన్ని చూసి ఆయన గాజుపెట్టెలు చేయించాడు. వాటినే వార్డియన్ కేసులన్నారు. 19వ శతాబ్దం మధ్యలో చైనా నుంచి తేయాకు మొక్కలు ఓడలమీద మన దేశానికి చేరింది ఆ పెట్టెల్లోనే.

మన ఇళ్ళలో జరిగేది దీనికి తలక్రిందులు. ఎండాకాలంలో పొడిగాలికి ఆకుల కొసలు మాడతాయి. దాహం వేసిందనుకుని కుండీ నిండా నీళ్ళు పోస్తాం. మట్టి రేణువుల మధ్య గాలి ఉండవలసిన చోట నీరు నిండుతుంది. వేళ్ళకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. అందుకని తడిమట్టిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. వాడిందని మనం మరో చెంబు పోస్తాం! ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడుతున్న రోగికి ఇంకో సెలైన్ సీసా ఎక్కించడం లాంటిదే ఇది.

నీళ్ళు పోసే పద్ధతి

రోజుకు ఎన్నిసార్లు పోయాలి అని అడుగుతారు. ఆ ప్రశ్నే సరైనది కాదు. గడియారం చూసి కాదు, మట్టి చూసి పోయాలి. చూపుడువేలిని మొదటి కణుపు దాకా, అంటే సుమారు ఒక అంగుళం, మట్టిలో దింపండి. వేలికి చల్లగా, చెమ్మగా తగిలితే ఆ రోజు పోయనక్కరలేదు. పైమట్టి ఆరడం మొదలైతే పోయండి. ఫెర్న్ మట్టి ఎండి గట్టిపడే దాకా మాత్రం ఆగకూడదు. మెయిడెన్ హెయిర్ అయితే ఒక్కసారి పూర్తిగా ఎండినా ఆకులన్నీ ముడుచుకుపోతాయి.

ఈ పరీక్ష ప్రకారం చూస్తే రాయలసీమలో, తెలంగాణలో వడగాలి వీచే రోజుల్లో దాదాపు ప్రతిరోజూ పోయవలసి రావచ్చు. కోస్తా ఊళ్ళలో ముసురు పట్టినప్పుడు మూడు నాలుగు రోజులకొకసారి చాలవచ్చు. చలికాలంలో ఇంకా తక్కువ. కుండీ సైజు, మట్టి రకం, గదిలో ఫాను, ఎ.సి. వాడకం, వీటన్నిటిని బట్టీ మారుతుంది. మీ వేలు చెప్పినంత ఖచ్చితంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

పోసేటప్పుడు ఉదయంపూట పోయండి. అంచుల చుట్టూ నెమ్మదిగా, అడుగు చిల్లులోంచి నీరు కారే దాకా పోసి ఆపండి. చిల్లు లేని కుండీ ఫెర్న్‌కి పనికిరాదు. బర్డ్స్ నెస్ట్ ఫెర్న్‌కి నడిబొడ్డున గూడులో పోయకూడదు. అక్కడ నీరు నిలిస్తే చిగురు కుళ్ళుతుంది. మునిసిపల్ కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ వాసన పోయేందుకు ముందురోజు పట్టి ఉంచితే మంచిదే. కాని ఆ బకెట్టు మీద మూత ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని. నీళ్ళు పోసిన అరగంటకు పళ్ళెంలోకి దిగిన నీటిని పారబోయండి. అది మొక్క వద్దని వదిలేసిన నీరు. మీరు అక్కడ ఉంచితే వేరును కుళ్ళబెడుతుంది. దానికంటే పెద్ద ప్రమాదం మరొకటుంది.

పళ్ళెంలో జరిగే సంగతి

దోమ అనగానే మురుగుకాలువ గుర్తుకొస్తుంది మనకు. కాని డెంగీని, చికున్‌గున్యాను మోసే ఈడిస్ దోమకు మురుగు నచ్చదు. ఇళ్ళలో, ఇళ్ళ చుట్టూ నిలిచే తేటనీరు కావాలి. నీడ కావాలి. ఆకుల మాటున ఉన్న కుండీ పళ్ళెం దానికి అత్తవారిల్లంత సుఖం. నల్లని ఒంటిమీద, కాళ్ళమీద తెల్లని చారలుంటాయి. ఇది పగటిపూట కుడుతుంది. పొద్దెక్కే వేళ, పొద్దు వాలే వేళ మరీ ఎక్కువ. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనుగొన్నది అనాఫిలిస్ దోమలో. అది రాత్రిపూట కుట్టే జాతి. దోమతెర ఒకటి రాత్రిపూట కట్టుకుని డెంగీ రాదనుకుంటే పొరపాటు.

ఆడదోమ తన గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పళ్ళెం గోడకు అతికించి పెడుతుంది. నీరు తగలగానే అవి పగిలి లార్వాలవుతాయి. మన వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే వారానికొకసారైనా నీళ్ళు పారబోయమంటారు. శుక్రవారం డ్రైడే అని ఆరోగ్యశాఖ వారు ప్రచారం చేసేది ఈ లెక్క మీదే.

అయితే ఉత్త పారబోతతో పని పూర్తి కాదు. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి చావకుండా ఉంటాయి. ఎండాకాలమంతా అటకమీద పడి ఉన్న పళ్ళేన్ని తొలకరిలో తీసి కుండీ క్రింద పెడితే, నీరు తగిలిన కొద్దిసేపటికి కిందటేటి గుడ్లే పగలవచ్చు. కాబట్టి పళ్ళేన్ని కొబ్బరిపీచుతో, సబ్బుతో గోడలన్నీ గట్టిగా తోమి కడగాలి. అంట్లు తోమినట్టు తోమితే చాలు.

గులకరాళ్ళ సలహా

ఫెర్న్‌కి గాలిలో తేమ కావాలి కదా, అందుకని వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, నీళ్ళు నింపి, దానిమీద కుండీ పెట్టమని తోటపని పుస్తకాలలో వ్రాస్తారు. చలిదేశాల వారికి అది సరిపోవచ్చు. మన దేశంలో రాళ్ళ మధ్య నిలిచిన నీడపట్టు నీరంటే దోమలకు పురుటిగది కట్టి ఇచ్చినట్టే. దానికి బదులు పళ్ళెం అంచు దాకా ఇసుక నింపండి. కారిన నీటిని ఇసుక పీల్చుకుంటుంది, పైన నీరు నిలవదు, చెమ్మ మాత్రం ఉంటుంది. ఇసుకపైన నీరు తేలేటంతగా మాత్రం పోయకండి. నాలుగైదు మొక్కల్ని దగ్గర దగ్గరగా పెట్టినా ఒకదాని తేమ ఒకదానికి ఉపయోగపడుతుంది. స్నానాలగది కిటికీ దగ్గర వెలుతురుంటే అక్కడ పెట్టండి. ఎదురెండలో, ఫాను గాలికి నేరుగా పెట్టవద్దు. ఆకులమీద నీళ్ళు చిలకరిస్తే ఆ కాసేపే తేమ. దానిమీదే ఆధారపడకండి.

కొన్ని సందేహాలు

ఫెర్న్ గదిలో ఉంటే గాలి శుభ్రపడుతుందా?

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1989లో మూసిన పెట్టెల్లో ఇంటిమొక్కలతో చేసిన ప్రయోగాల నుంచి ఈ మాట వ్యాపించింది. పెట్టె వేరు, తలుపులూ కిటికీలూ ఉన్న ఇల్లు వేరు. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో తిరిగి లెక్కవేసిన శాస్త్రజ్ఞులు, కిటికీ తెరిచినంత ఫలితం రావాలంటే ప్రతి చదరపు మీటరుకూ 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. ఫెర్న్‌ని కంటికి ఇంపుకోసం పెంచుకోండి. గాలికోసం కిటికీ తెరవండి.

ఉబ్బసం ఉన్నవారింట్లో పెంచవచ్చా?

పెంచవచ్చు. కాని ఎప్పుడూ తడిగా ఉండే మట్టిమీద తెల్లగా బూజు పడుతుంది. బూజు కొందరికి తుమ్ములు, ఆయాసం తెప్పిస్తుంది. పడకగదిలో పెట్టకండి. బూజు కనిపిస్తే పైమట్టి తీసివేసి, నీళ్ళు తగ్గించండి.

ఆస్పరాగస్ ఫెర్న్‌కి కూడా ఇదే పద్ధతా?

పేరుకే అది ఫెర్న్. నిజానికి మన శతావరికి, అంటే పిల్లితేగలకు, దగ్గరి చుట్టం. వేళ్ళలో దుంపలుంటాయి కాబట్టి కాస్త ఎండినా తట్టుకుంటుంది. దాని ఎర్రని పళ్ళు తింటే పిల్లలకు కడుపునొప్పి, వాంతులు వస్తాయి. అందకుండా పెట్టండి.

ఫెర్న్ ఒక్కటేనా దోషి?

కానే కాదు. మనీప్లాంటు సీసా, కూలరు, ఫ్రిజ్ వెనక ఉండే నీళ్ళ తట్టు, మేడమీద పడేసిన టైరు, పిట్టలకు పెట్టిన నీళ్ళ మూకుడు, అన్నీ ఆ కోవలోవే. కాని వాటిని నిర్లక్ష్యంతో వదిలేస్తాం, కుండీకి మాత్రం ప్రేమతో నీళ్ళు నింపుతాం. అందుకే అనుమానం రాదు.

జ్వరం వస్తే

హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కళ్ళ వెనక నొప్పి, కీళ్ళనొప్పులు, ఒంటిమీద ఎర్రని దద్దురు కనిపిస్తే డెంగీ కావచ్చు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే వాడండి. పిల్లలకు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పిబిళ్ళలు వేయకండి. వాటివల్ల రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదముంది. ఓ.ఆర్.ఎస్., మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు కొద్దికొద్దిగా తరచు పట్టండి. రోగిని పగలు కూడా దోమతెరలో ఉంచండి. అతన్ని కుట్టిన దోమే ఇంట్లో మరొకరికి అంటిస్తుంది.

డెంగీలో ప్రమాదకాలం జ్వరం మండుతున్నప్పుడు కాదు, సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగేటప్పుడు. ఆ సమయంలో రక్తనాళాల్లోని ద్రవం బయటికి ఊరిపోయి రక్తపోటు పడిపోవచ్చు. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచీ ముక్కునుంచీ రక్తం, నల్లని విరేచనం, చల్లబడిన చేతులు, మగత లేక చిరాకు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకురండి. ఆకు పసర్ల మీద ఆశపెట్టుకుని పూట ఆలస్యం చేయకండి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చిపోయినవారికి మరో రకం సోకితే వ్యాధి మరింత తీవ్రం కావచ్చు. ఒకసారి వచ్చింది కదా, ఇక రాదన్న ధీమా పనికిరాదు.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించడంలోనూ కొలత ఉంది. తక్కువైతే రోగి షాక్‌లోకి జారుతాడు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే గంట గంటకూ చూసుకుంటాం. "ఇంకో సీసా పెట్టండి డాక్టరు గారూ" అని బంధువులు ఒత్తిడి చేసినా ఒప్పుకోం.

మా ఇంట్లో ఫెర్న్ ఇప్పటికీ ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మా ఆవిడ దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంది. నేనే వద్దన్నాను. తప్పు మొక్కది కాదు కదా! చెంబు మానేసి వేలు పరీక్ష మొదలుపెట్టింది. పళ్ళెంలో ఇసుక పోసింది. నీళ్ళు తగ్గించిన రెండు నెలలకు, పసుపు తిరిగిన ఆకుల మధ్య కొత్త చిగుళ్ళు చుట్టలు చుట్టుకుని పైకి లేచాయి. క్రింది వాటా కుర్రవాడు ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. శుక్రవారం సాయంత్రం బడినుంచి రాగానే మేడమీదికి వచ్చి, "అత్తయ్యా, పళ్ళెం చూశావా?" అని అడిగి, తనే వంగి చూసి మరీ వెళతాడు.

ఈ పత్రిక క్రింద పెట్టగానే మీరూ ఒకసారి మీ వరండాలోకి వెళ్ళి చూడండి.